కాలువగట్టు మీద కాయిలోవర్లు

జట్కా ఎక్కి ప్రయాణం చేసినవారు ఇప్పుడు మన ఇళ్ళలో పెద్దలు మాత్రమే. ఆ బండి ఇరుసుకూ, పైనున్న పెట్టెకూ నడుమ ఉక్కు పట్టీలు కట్టగా బిగించి ఉండేవి. వాటిని కమానులనేవారు. లారీల షెడ్లలో ఈనాటికీ కమాను కట్టలనే అంటారు. ఎడ్లబండికి ఆ ఏర్పాటు లేదు. చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ నేరుగా మనిషి వెన్నెముకకు చేరేది. జట్కాలో అయితే పట్టీ వంగి, దెబ్బను ముందు తాను తీసికొని, తరువాత మెల్లగా పైకి అందించేది. ఒకే రోజున ఎడ్లబండిలో వెళ్ళి జట్కాలో తిరిగి వచ్చినవారికి స్ప్రింగు అంటే ఏమిటో ఎవరూ బోధించనక్కరలేదు.

ఈ ప్రసంగానికి విషయం ఆ కమానుల సంతతిలోని ఒక కొత్త వస్తువు. దాని పేరు కాయిలోవరు. చుట్టలుగా చుట్టిన స్ప్రింగు, దాని నడుమ నిలిచిన షాక్ అబ్జార్బరు, ఈ రెండూ ఒకే అమరికగా ఉండి, గొట్టం మీద కోసిన మరల వెంబడి ఒక కాలరును త్రిప్పి కారు ఎత్తును మార్చుకొనే వీలు గలది ఇది. హుషారుగా పరుగెత్తే చిన్న కారు కొన్న యువకులు కంపెనీవారి స్ప్రింగులను తీసివేసి దీనిని వేయించుకొంటూ ఉంటారు. వేయించుకొన్న తరువాత చాలమంది చేసే మొదటి పని కారును వీలైనంత క్రిందికి దింపడం. రెండవది స్ప్రింగును వీలైనంత గట్టిది ఎన్నుకోవడం. రేసు బాట మీద మేలు చేసే ఈ రెండు పనులే పి.గన్నవరం కాలువగట్టు మీద ఎందుకు కీడు చేస్తవో విచారించడం మా ఉద్దేశం. వస్తువు చెడ్డదని మేము అనడం లేదు. సరిగా అమర్చి, మన రోడ్డుకు తగినట్టు సవరించుకొంటే అది మంచి వస్తువే.

పి.గన్నవరం నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్నది. నదిమీదుగా కాలువను దాటించిన అక్విడక్టు ఆ ఊరికి గుర్తు. 19వ శతాబ్దంలో, కాటన్ దొర ఆనకట్ట కట్టించిన కాలంలో, 40 అడుగుల ఖానాలు 49 వేసి దానిని నిర్మించారు. దాని ప్రక్కనే తరువాత కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకొన్నాము. నీరు వెళ్ళే దారి వెంటనే మనుషులు వెళ్ళే దారి కూడా ఏర్పడింది. అందుచేత అంబాజీపేట వైపు నుండి గాని, కొత్తపేట వైపు నుండి గాని కారులో వచ్చేవారికి కాలువగట్టు తప్పదు.

గట్టు మీది రోడ్డుకు ఒక స్వభావం ఉన్నది. అడుగున ఉన్నది ఒండ్రుమట్టి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకొంటుంది. కొబ్బరికాయల లారీలు, ధాన్యం లారీలు దానిమీద నడుస్తవి. పైన తారు ఎంత నునుపుగా వేసినా కొన్నాళ్ళకు నీటివైపు అంచు క్రుంగి, రోడ్డు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. పొడవునా పెద్ద అలలు, ఆ అలలమీద చిన్న గతుకులు తేలుతవి. చిన్న వంతెన వచ్చిన చోటనెల్లా ఒక ఎక్కుడు, వెంటనే ఒక దిగుడు. ఇళ్ళున్న చోటనెల్లా స్పీడు బ్రేకరు. ఒక ప్రక్కన కాలువ, రెండవ ప్రక్కన లోతుగా చేను గాని, కొబ్బరితోట గాని. ఇక్కడ చక్రం నేలను వదిలితే, మళ్ళీ అదుపు చిక్కేదాకా కారు జారిపోవడానికి ప్రక్కన ఖాళీ నేల లేదు. ఉన్నది నీరు. చక్రం నేలను విడవకుండా చూడడమే స్ప్రింగుకు మొదటి ధర్మం. కూర్చున్నవారి సుఖం ఆ తరువాతి మాట.

షాక్ అబ్జార్బరు అన్నది కొంత తప్పుదారి పట్టించే పేరు. దెబ్బను తినేది స్ప్రింగే. అయితే స్ప్రింగుకు ఒక దుర్గుణం ఉన్నది: తీసికొన్నదంతా తిరిగి ఇచ్చివేస్తుంది. ఉయ్యాలను ఒక్కసారి ఊపి వదిలితే ఎంతసేపు ఊగుతుందో, షాక్ అబ్జార్బరు లేని కారు ఒక్క గుంట దాటి అంతసేపు ఊగుతుంది. ఆ ఊపును అణచడానికి నూనె నింపిన గొట్టం ఒకటి పెడతారు. గొట్టంలో సన్నని దారులు గల పిస్టను ఉంటుంది. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకుదారుల గుండా దూరవలసి వస్తుంది, ఊపు వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద కొంతదూరం నడిపి ఆపి, గొట్టానికి దగ్గరగా చేయి పెట్టి చూస్తే ఆ వేడి తెలుస్తుంది. స్ప్రింగు అణగేటప్పుడు నూనె చూపే నిరోధం ఒకటి, తిరిగి సాగేటప్పుడు చూపేది మరొకటి. సామాన్యంగా సాగేటప్పటి నిరోధమే హెచ్చుగా పెడతారు. ఈ రెండింటి తేడాను గుర్తుంచుకోవలె. సవరింపుల దగ్గర దీనితో పని ఉన్నది.

మన దేశపు రోడ్లమీద ఈ ఏర్పాట్లు ఎట్లా మారుతూ వచ్చినవో పెద్దవారికి తెలుసు. అంబాసిడరు కారుకు వెనుక కమాను కట్టలు, ముందు మెలితిరిగే ఉక్కు కడ్డీలు ఉండేవి. ప్రీమియర్ పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమానులు. 1983లో వచ్చిన మారుతి 800 తోనే మెక్‌ఫర్సన్ స్ట్రట్టు అనే అమరిక మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చింది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలకు రూపొందించిన అమరిక ఇది. షాక్ అబ్జార్బరు గొట్టమే చక్రానికి నిలువు స్తంభంగా నిలిచి, దాని చుట్టూ స్ప్రింగు కూర్చుంటుంది. స్విఫ్ట్, పోలో వంటి నేటి చిన్న కార్లలో ముందు ఉన్నది ఇదే. ఆ మాటకు వస్తే, స్ప్రింగు షాక్ అబ్జార్బరును చుట్టుకొని ఉండడమే కాయిలోవరు అయినట్లయితే, ఈ కార్లు షోరూములోనుండే కాయిలోవర్లతో వస్తున్నవి! కొత్తగా చేరేది ఎత్తు మార్చే మర, గట్టి స్ప్రింగు, నిరోధాన్ని మార్చే చిన్న మీట మాత్రమే. ఇక వెనుక భాగంలో అదీ లేదు. స్ప్రింగు ఒకచోట, షాక్ అబ్జార్బరు ఒకచోట విడివిడిగా ఉంటవి. డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నా, వెనుకకు వేసేది వేరు స్ప్రింగూ, వేరు గొట్టమే.

గట్టి స్ప్రింగు అంటే ఎంత గట్టి? దీనికొక సులభమైన లెక్క ఉన్నది. బడిలో వర్గమూలం నేర్చుకొన్న పిల్లలు ఇంట ఉంటే వారిచేత కట్టించవచ్చు. కారు బరువుకు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణగినదో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 5ను భాగిస్తే, కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఒక చిన్న కారులో ఇద్దరు కూర్చుండగా ముందు చక్రం ఒక్కొక్కదాని స్ప్రింగు మీద 275 కిలోల బరువు పడుతున్నదనుకొందాము. మిల్లీమీటరు అణగడానికి 2 కిలోల బరువు కోరే మెత్తని స్ప్రింగైతే అది 13.7 సెంటీమీటర్లు అణగుతుంది. ఊపు సెకనుకు 1.35. దానిని తీసి 5 కిలోల స్ప్రింగు వేస్తే 5.5 సెంటీమీటర్లే అణగుతుంది; ఊపు 2.1. 8 కిలోలదైతే 2.7.

సెకనుకు 1కీ, ఒకటిన్నరకూ మధ్యనున్న ఊపు మనిషి ఒంటికి పడుతుంది. నడకలో మన శరీరం ఇంచుమించు ఆ లయకే అలవాటుపడి ఉన్నది. రెండు దాటినకొద్దీ అది కుదుపు అవుతుంది. అంతకన్న ముఖ్యమైన విషయం, రోడ్డుమీది చిన్న గతుకులను స్ప్రింగు తాను మింగక కారంతటికీ అందిస్తుంది, చక్రం గతుకు మీదనుండి గతుకు మీదికి గెంతుతుంది. నునుపైన బాటమీద 8 కిలోల స్ప్రింగు గొప్పదే కావచ్చు. కాలువగట్టుకు 4, 5 కిలోలు దాటితే మేము ఒప్పుకోము.

మరి రేసు కార్లవారు ఎందుకు గట్టి స్ప్రింగులు వేస్తారు, ఎందుకు నేలకు అంటుకొనేటట్లు దింపుతారు? 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీని మనలో చాలమంది టెలివిజనులో చూశారు. సుమారు 2.8 కిలోమీటర్ల బాట, విద్యుత్తుతో నడిచే కార్లు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అటువంటి బాటలో ఎదురుగా లారీ రాదు, స్పీడు బ్రేకరు ఉండదు, రోడ్డు సగానికి ధాన్యం ఆరబోసి ఉండదు. మలుపులో గెలిచినవాడే పోటీలో గెలుస్తాడు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. ఆ మార్పు ఎంత తక్కువైతే నాలుగు టైర్లూ అంత సమానంగా నేలను పట్టుకొంటవి. కారు బరువుకేంద్రం ఎంత క్రిందికి ఉంటే మార్పు అంత తక్కువ.

ఇది నిజమే. కాని ఎంత నిజమో చూడవలె. బరువుకేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కారును 3 సెంటీమీటర్లు దింపితే, ప్రక్కకు మారే బరువులో నూటికి 5 పాళ్ళకు కొంచెం పైగా తగ్గుతుంది. అంతే. పోటీలో ఆ 5 పాళ్ళే బహుమానం తేవచ్చు. పెళ్ళికి రాజమండ్రి వెళ్ళే కుటుంబానికి దానివల్ల ఏమి ఒరుగుతుంది? పైగా మెక్‌ఫర్సన్ అమరికలో మరొక చిక్కు ఉన్నది. కారు ఒరగడానికి ఇరుసువంటి ఒక ఊహాబిందువు ఉంటుంది. కారును దింపినప్పుడు, క్రింది చేతుల వాలు మారి, ఆ బిందువు బరువుకేంద్రం కంటె వేగంగా క్రిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారు మలుపులో మునుపటి కంటె ఎక్కువగా ఒరగాలని చూస్తుంది. దానిని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావలె. దింపడం గట్టిదనాన్ని కోరుతుంది, గట్టిదనం కుదుపును తెస్తుంది. కొంచెం దింపి ఆగినవారికి ఈ గొలుసు బాధ లేదు.

ఇక చోటు సంగతి. ప్రతి స్ప్రింగుకూ అణగడానికి కొంత చోటు, సాగడానికి కొంత చోటు ఉంటవి. అణగే చోటు అయిపోయిన తరువాత బంపు స్టాపు అనే రబ్బరు దిండు అడ్డువస్తుంది. దిండు తగిలిన క్షణంలో స్ప్రింగు లేనట్టే. ఆ చక్రం రాయిలా గట్టిపడి నేలమీద పట్టు సడలుతుంది. అణగే చోటు 8 సెంటీమీటర్లు ఉన్న కారును కేవలం స్ప్రింగు పీటను దించి 5 సెంటీమీటర్లు క్రిందికి దింపారనుకొందాము. మిగిలినది 3. ఆ మూడింటిని తినివేయడానికి 2 కిలోల స్ప్రింగు మీద 60 కిలోల అదనపు బరువు చాలును. వెనుక సీటులో ముగ్గురు పెద్దవారూ, డిక్కీలో ఒక పనసకాయా, కొబ్బరికాయల బస్తా ఉంటే గుంట అవసరం కూడా లేదు. కంపెనీ స్ప్రింగులనే రెండు చుట్టలు కోయించి కారును దింపేవారి గతి ఇదే. కోసేటప్పుడు తగిలిన వేడికి ఉక్కు పదును పోతుంది. చక్రం గాలిలో వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు పీట విడిచి బయటికి జారే ప్రమాదమూ ఉన్నది. దానికంటె కాయిలోవరు వెయ్యి విధాల నయం.

స్పీడు బ్రేకర్ల విషయంలోనూ ఒక లెక్క చెప్పుకొందాము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు చెప్పిన ప్రకారం గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలె. వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో భాగం కావలె. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దానిని దాటవచ్చు. ముందు వెనుక చక్రాల మధ్య 2.45 మీటర్ల దూరం గల కారు దానిపై నిలిస్తే, కారు నడిమి భాగంలోకి వంపు చొచ్చుకొని వచ్చేది 4.4 సెంటీమీటర్లు మాత్రమే. అటువంటి స్పీడు బ్రేకరుకు ఏ కారూ భయపడనక్కరలేదు. మన ఊళ్ళలో ఎవరి ఇంటి ముందు వారు రాత్రికి రాత్రి కాంక్రీటు పోసి లేపిన గట్లకు ఈ లెక్క వర్తించదు. అవి మూర వెడల్పు, జానెడు ఎత్తు. వాటి ఎత్తంతా కారు పొట్టకు తగిలేదే. చిన్న కార్లకు నేలనుండి పొట్టకు 16, 17 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. 5 దింపితే 11 లేక 12 మిగులుతుంది, అదీ కారు ఖాళీగా ఉన్నప్పుడు. అందుచేత పి.గన్నవరం రోడ్డుకు మా సలహా ఒకటే: ఒకటిన్నర లేక రెండు సెంటీమీటర్లు దించి ఆగండి. దించకపోయినా నష్టం లేదు.

అమర్చే పనికి వస్తాము. పని మొదలుపెట్టే ముందు సమతలమైన గచ్చు మీద కారును నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుండి పైనున్న రేకు అంచు వరకు ఎత్తు కొలిచి కాగితం మీద వ్రాసికొనవలె. ఈ నాలుగు అంకెలు లేకుండా మొదలుపెట్టిన మెకానిక్కు ఎంత నేర్పరి అయినా చీకటిలో పని చేస్తున్నట్టే. చక్రం నట్లను కారు నేలమీద ఉండగానే కొంచెం వదులు చేసి, ఆ తరువాత జాకీతో లేపి, ఉక్కు స్టాండ్ల మీద దించవలె. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు క్రింద తల పెట్టరాదు. బ్రేకు గొట్టాన్ని, చక్రం వేగం కొలిచే తీగను, లింకు రాడ్డును స్ట్రట్టు నుండి విడదీసి, క్రింద రెండు బోల్టులు, పైన బానెట్టు లోపలి నట్లు విప్పితే పాత అమరిక మొత్తం చేతికి వస్తుంది. చక్రం హబ్బును బ్రేకు గొట్టం మీద వ్రేలాడనివ్వక తీగతో కట్టి ఉంచవలె.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత స్ట్రట్టు తలమీద నడుమనున్న నట్టును, స్ప్రింగును పట్టు బిగించి అణచకుండా విప్పరాదు. వందల కిలోల బలంతో అణగి ఉన్న స్ప్రింగు ఆ నట్టు ఒక్కదాని ఆధారం మీద నిలిచి ఉంటుంది. అది ఊడితే ఎగిరి వచ్చేదానికి మనిషి అడ్డు కాదు. కొత్త అమరికకు పాత తలభాగాన్ని వాడవలసి వచ్చినప్పుడే ఈ పని పడుతుంది. తలభాగంతో సహా వచ్చేవాటిలో ఈ గండమే లేదు, ధర కొంత హెచ్చయినా.

కొత్త గొట్టం మరల మీద, కాలరు బిగించే ముందు, తుప్పు పట్టకుండా కందెన రాయడం మన ప్రాంతంలో తప్పనిసరి. సముద్రం దగ్గరి ఉప్పుగాలి, కాలువ చెమ్మ కలిసి ఆ మరలను త్వరలోనే పట్టివేస్తవి. బోల్టులన్నీ టార్కు రెంచితో కంపెనీ చెప్పిన బిగింపుకు బిగించవలె. క్రింది చేతుల రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రం చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. అట్లా బిగిస్తే కారును నేలమీదికి దించగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ మెలితిరిగే ఉండి, కొద్ది నెలల్లో చీలిపోతుంది. కారు తన బరువుమీద తాను నిలిచిన తరువాత ఆ బోల్టులకు చివరి బిగింపు వేయవలె. చాలచోట్ల తొందరలో మరచిపోయేది ఇదే.

ఎత్తు సవరింపులో ఒక అపోహ బలంగా పాతుకొని ఉన్నది: స్ప్రింగు క్రింది కాలరును బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. గట్టిపడదు. 5 కిలోల స్ప్రింగు ఎంత బిగించినా 5 కిలోలదే. కారు మాత్రం పైకి లేస్తుంది, సాగే చోటు తగ్గుతుంది. చక్రం గుంటలోకి దిగవలసినప్పుడు దిగలేక గాలిలో వ్రేలాడుతుంది. కాలరును వదులు చేస్తే కారు దిగుతుంది, అణగే చోటు తగ్గుతుంది. కొన్ని అమరికలలో గొట్టం అడుగుభాగాన్నే వేరుగా త్రిప్పి పొడవు మార్చే వీలుంటుంది. వాటిలో స్ప్రింగు బిగింపును కదిలించకుండా ఎత్తు మార్చుకోవచ్చు. కొనేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకొన్నవారికి తరువాత చింత ఉండదు.

నాలుగు కాలర్లూ ఒకే ఎత్తున ఉంచితే చాలదు. గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్న సావిట్లో నులకమంచం వేసి చూడండి. ఎదురెదురు మూలల కాళ్ళు రెండు నేలనంటి, మిగిలిన రెండూ టకటకలాడుతవి. కారుకు స్ప్రింగులున్నవి కనుక ఏ చక్రమూ పైకి లేవదు గాని, ఎదురెదురు మూలల జంట ఒకటి ఎక్కువ బరువు మోస్తుంది, రెండవది తక్కువ. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు బరువు తక్కువైన ముందు చక్రం ముందుగా జారుతుంది. చక్రానికొక తూకం పీట పెట్టి, నడిపేవారి బరువున్న మనిషిని సీటులో కూర్చుండబెట్టి, ఒక ఎదురు జంట మొత్తం మరొక జంట మొత్తానికి ఇంచుమించు సమానమయ్యేటట్లు కాలర్లను పాయనో అరపాయనో త్రిప్పడం సరియైన పద్ధతి. తూకం పీటలు లేనిచోట మొదట వ్రాసికొన్న ఎత్తులలో కుడి ఎడమల మధ్య ఉండిన తేడాయే ఇప్పుడూ ఉండేటట్లు చూచుకొనడం రెండవ పక్షం.

తరువాత చక్రాల అలైన్‌మెంటు. దించిన కారులో ముందు చక్రాల తలలు లోపలికి వాలుతవి, చక్రాల ముక్కులు ఒకదానివైపు ఒకటి గాని, బయటికి గాని తిరుగుతవి. సవరించకపోతే టైరు లోపలి అంచు తీగ కనబడేదాకా అరిగిపోతుంది. బయటినుండి చూచేవారికి టైరు కొత్తగానే కనిపిస్తుంది. హెడ్‌లైట్ల వాలును కూడా అప్పుడే సరిచేయించవలె.

ఇక షాక్ అబ్జార్బరు మీటలు. మీటను పూర్తిగా బిగించి, అక్కడినుండి టక్కు టక్కుమని ఎన్ని చప్పుళ్ళు వెనుకకు తిప్పామో లెక్కపెట్టడం ఆచారం. మొదట నాలుగింటినీ సగానికి పెట్టండి. ఎప్పుడూ నడిచే రోడ్డులో తెల్లవారుజామున, బండ్లు లేని వేళ, రెండు మూడు కిలోమీటర్ల భాగాన్ని ఎన్నుకోండి. ప్రతిసారీ అదే భాగం, అదే వేగం, కారులో అంతే మంది. ఒక్కసారికి ఒక్క మార్పు చేసి, ప్రక్కన కూర్చున్నవారి చేత పుస్తకంలో వ్రాయించండి. వంతెన దిగిన తరువాత కారు రెండు మూడుసార్లు ఊగితే నిరోధం చాలలేదు. ఒక చప్పుడు బిగించండి. చిన్న గతుకులు కూడా ఒక్కొక్కటే పళ్ళకు తెలుస్తుంటే నిరోధం హెచ్చు, వదలండి. అలలమీద పోయినకొద్దీ కారు క్రమంగా క్రిందికి కూర్చుంటున్నట్టుంటే అది వేరే లక్షణం. సాగేటప్పటి నిరోధం మితిమీరి, ఒక అల తరువాత స్ప్రింగు పూర్తిగా సాగక ముందే రెండవ అల వచ్చి అణచుతున్నది. అట్లా నాలుగైదు అలలకు అణగే చోటంతా అయిపోయి కారు రబ్బరు దిండ్ల మీద నడుస్తుంది. కాలువగట్టు మీద అన్నింటిలోకి ప్రమాదకరమైనది ఇదే. పైకి మాత్రం కారు నేలకు అతుక్కొని పోతున్నట్టు భ్రమ కల్పిస్తుంది.

ముందు స్ప్రింగులకంటె వెనుక స్ప్రింగుల ఊపు కొంచెం వేగంగా ఉండవలెనని 1930 ప్రాంతాలలో అమెరికాలో కెడిలాక్ కార్ల మీద పనిచేసిన మారిస్ ఓలే అనే ఇంజనీరు చూపించాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం గట్టెక్కిన తరువాత సెకనులో ఇంచుమించు ఏడవ వంతుకు వెనుక చక్రం ఎక్కుతుంది. ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టినది కొంచెం త్వరగా ఊగితేనే రెండూ కలుసుకొని, కారు ముక్కు లేవక, తోక లేవక, మొత్తంగా లేచి దిగుతుంది. కాయిలోవరు అమ్మేవారు ముందూ వెనుకా ఏ స్ప్రింగులిచ్చారో అడిగేటప్పుడు దీనిని దృష్టిలో ఉంచుకొనవలె. అయితే వెనుక స్ప్రింగు మీద చక్రం బరువు నేరుగా పడదు, మీటలాగా దూరం మారి పడుతుంది; అందుచేత డబ్బా మీది రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చితే మోసపోతాము.

చట్టం మాట కూడా చెప్పవలసి ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారుచేసినవారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించింది. డబ్బు చెల్లించక ముందే రవాణా కార్యాలయంలో విచారించి, బీమా కంపెనీకి వ్రాతమూలకంగా తెలియజేయడం క్షేమం. పాత స్ప్రింగులను అమ్మివేయక నూనె పూసి అటకమీద దాచండి.

వేసిన మొదటి ఐదువందల కిలోమీటర్లలో స్ప్రింగులు కొంచెం కూర్చుంటవి. అప్పుడు నాలుగు ఎత్తులు మళ్ళీ కొలిచి, బోల్టుల బిగింపు మళ్ళీ చూచి, అలైన్‌మెంటు మళ్ళీ చేయించవలె. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్ళిన తరువాత ఒకసారి మరలలోని ఒండ్రును మెత్తని బ్రష్షుతో కడిగి, కాలర్లను ఒక చుట్టు అటూ ఇటూ త్రిప్పి, తిరిగి గుర్తుకే చేర్చి, కందెన రాయండి. ఏడాదిపాటు ముట్టని కాలరు తరువాత పానాకు లొంగదు. పిస్టను కడ్డీ వెంబడి నూనె కారి దుమ్ము అంటుకొన్న జాడ కనబడితే లోపలి సీలు పోయినదన్నమాట. ఆ గొట్టంతో పాటు, దాని ఎదురు ప్రక్కదానిని కూడా ఒకేసారి బాగుచేయించవలె.